పద్దెనిమిదో పేరు

కొరాపుట్ జిల్లా కొండల మీద ఒక ఫ్యాక్టరీ టౌన్‌షిప్ ఉంది. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. ఒకే పసుపు రంగు క్వార్టర్లు, ఒక పెద్ద గేటు, ఆ గేటు దగ్గర పాసు చూపించమనే సెక్యూరిటీ అని చెబితే చాలు, ఆ వైపు వాళ్లకు తెలిసిపోతుంది. అందులో ఏడేళ్లపాటు కాంట్రాక్టు మీద కంప్యూటర్లు చూసుకున్న మనిషి సింహాచలమ్మ. ఎవరి మిషను మొరాయించినా, ప్రింటరు కాగితం మింగేసినా ఆమెకే కబురు. పని అయ్యాక ఆమెకు ఒక కప్పు టీ ఇవ్వాలన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండేది కాదు. ఆమె గుర్తుచేసేది. "టీ తాగే మనిసినే సార్, ప్రింటర్ని కాదు" అని మొహం మీదే అడిగి, తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లేది.

పుట్టింది రాయగడలో. తాతల నాడు పార్వతీపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి ఊళ్లో నీళ్ల వాల్వులు తిప్పేవాడు. ఆడమనిషంత పొడుగున్న ఇనప తాళంచెవి భుజాన వేసుకుని, తెల్లారకముందే వీధులన్నీ తిరిగేవాడు. తోడుగా అదే వీధిలో ఉండే దాలయ్య వెళ్లేవాడు. ఏ సందులో ఎంతసేపు నీళ్లు వదిలితే చివరి ఇంటి కుళాయికి అందుతాయో ఆ ఇద్దరికీ కాగితం అక్కర్లేకుండా తెలుసు. ఆ వీధుల్లో వాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. నీళ్లు రాని రోజున తిట్టడానికి కూడా "నీళ్లోడు" అనే తిట్టేవారు.

బడి ఒడియా బడి. అయిదో తరగతిలో మాస్టారు ఫారాలు నింపుతూ ఈమె దగ్గరికొచ్చేసరికి మాతృభాష గడిలో "ఇతరములు" అని రాసుకుపోయారు. పదేళ్ల పిల్ల లేచి నిలబడి, "ఇతరములు అని మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు" అంది. రెండు బెత్తం దెబ్బలు తింది. కానీ మాస్టారు విసుక్కుంటూనే కొట్టివేసి తెలుగు అని రాశారు. ఆ రెండు దెబ్బలూ దండగ కాలేదని ఆమె ఇప్పటికీ అంటుంది.

ఐటీఐలో కంప్యూటర్ ట్రేడు చదివి జయపురం బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ షాపులో చేరింది. యజమాని విష్ణువర్ధన్‌ది విజయనగరం. మంచివాడే, కానీ గడియారం మీద కన్నేసి బతికేవాడు. పాడైన కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్లు మళ్లీ ఎక్కించడం ఆమె పని. ఎక్కించేటప్పుడు తెర మీద ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు వస్తాయి. ఈ పేరు ఉంచమంటారా, ఈ చోట పెట్టమంటారా, దీనికి ఒప్పుకుంటారా అని. వాటిని చదవబోతే విష్ణువర్ధన్ వెనకనుంచి, "సదివితే ఎప్పటికి తెములుద్ది అమ్మీ, నెక్స్ట్ కొట్టు" అనేవాడు. ఆమె కొట్టింది. ఎనిమిదేళ్లు కొట్టింది. ఆఖరికి మాట్లాడుతూ, జడ సర్దుకుంటూ, తెర వైపు చూడకుండానే నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ కొట్టేంత చెయ్యి తిరిగింది. ఆ షాపులో అదే పనితనం.

తాతాజీని పెళ్లి చేసుకుంది అక్కడే. ఆటో తోలే మనిషి, నెమ్మదస్తుడు. ఆమె కోపాన్ని వర్షం వచ్చినట్టు చూసేవాడు, తగ్గేదాకా పక్కన నిలబడి. టౌన్‌షిప్‌లో కాంట్రాక్టు పని దొరికితే ఇద్దరూ గేటు బయట బస్తీలో గది తీసుకున్నారు. ఆమె లోపల కంప్యూటర్లు, ఆయన బయట ఆటో. అప్పటికే దాలయ్య కూడా రాయగడ వదిలి ఆ టౌన్‌షిప్ పంపుహౌసులో కాంట్రాక్టు కూలీగా చేరి ఉన్నాడు. సింహాచలమ్మ తండ్రి పోయాడు కాబట్టి, ఆ ఊళ్లో ఆమెను "అమ్మీ" అని పిలిచే పెద్దమనిషి ఆయనొక్కడే. ఆమెకు ఆయన "సిన్నాన్న".

ఆమె చేరిన ఏడాదికి పంపుహౌసుకు కంప్యూటరు వచ్చింది. ట్యాంకులో నీళ్లెంత, మోటారు ఎన్ని గంటలు తిరిగింది, క్లోరిన్ గంటకు ఎంత వదులుతున్నారు, అన్నీ ప్రతి షిఫ్టులోనూ అందులో ఎక్కించాలి. సాఫ్ట్‌వేర్ ఎక్కించే పని సింహాచలమ్మది. సగంలో ఒక ప్రశ్న వచ్చింది. సొంత పేరు లేనివాళ్లు వాడుకోవడానికి డిఫాల్ట్ యూజర్ ఒకటి, డిఫాల్ట్ గ్రూపు ఒకటి తయారుచేయమంటారా అని. ముందే టిక్కు పెట్టి ఉంది. యూజర్ పేరు "గెస్టు", గ్రూపు పేరు "అదర్స్".

యూజర్ అంటే మనిషి. ఎవరు చేశారో చెప్పేది అది. గ్రూపు అంటే ఆ మనిషి చేతికిచ్చిన తాళాల గుత్తి. ఏ గది తెరవొచ్చు, ఏది ముట్టుకోకూడదు అని చెప్పేది. గుత్తి పదిమందికీ ఒకటే ఇవ్వొచ్చు, తప్పులేదు. మనిషిని పదిమందికీ ఒకటే చేస్తేనే గొడవ. ఈ సంగతి సింహాచలమ్మకు ఆ రోజు కూడా తెలుసు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది కూడా. పక్కన నిలబడ్డ ఆఫీసరు మనోరంజన్ బాబు, "పర్మినెంట్ వాళ్లకు పేర్లు పెట్టు. కాంట్రాక్టు వాళ్లు ఇవాళ ఉంటారు, రేపు పోతారు, వాళ్లకు పేర్లెందుకు, అదే ఉంచు" అన్నారు. ఆమె నెక్స్ట్ కొట్టింది. పదిహేడు మందో పద్దెనిమిది మందో మనుషులు ఆ ఒక్క నొక్కుతో గెస్టులైపోయారు. అందులో ఆమెను అమ్మీ అని పిలిచే మనిషి ఉన్నాడు.

పంపుహౌసులో పని నడిచే తీరు వేరు. కాంట్రాక్టు వాళ్లలో సగం మందికి టైపు కొట్టడం రాదు. అంకెలు వచ్చు. అందుకని గేజీ ముల్లు చూసి, గోడ మీద సుద్దముక్కతో అంకె రాసేవాళ్లు. తర్వాత ఆ దారిన ఎవరు వస్తే, కొట్టడం వచ్చిన వాళ్లెవరైనా, గోడ చూసి కంప్యూటర్లో ఎక్కించేవాళ్లు. గెస్టు పాస్‌వర్డు ఒకటి రెండు మూడు నాలుగు. అది చీటీ మీద రాసి తెర కిందే అంటించి ఉండేది. పర్మినెంట్ వాళ్లకు సొంత పేర్లున్నా, పాస్‌వర్డు గుర్తుపెట్టుకునే బద్ధకంతో వాళ్లూ గెస్టులోంచే దూరేవాళ్లు. అయిదేళ్లు అలా గడిచిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు.

కిందటి కిందటి ఏడు సెప్టెంబరులో అయింది. క్లోరిన్ గడిలో రెండు ఉండాల్సిన చోట ఐదు పడింది. కీబోర్డు కుడివైపు అంకెల్లో రెండు మీదే ఐదు ఉంటుంది, వేలు కొంచెం జరిగితే చాలు. తర్వాతి షిఫ్టుకు వచ్చిన కొత్త మనిషి తెర మీద ఐదు ఉంది కదా అని యంత్రం ఐదుకు తిప్పాడు. పొద్దున క్వార్టర్లలో స్నానాలు చేసినవాళ్లకు కళ్లు మండాయి. నీళ్లు తాగిన పిల్లలు ఆరుగురు వాంతులు చేసుకుని ఆసుపత్రిలో పడ్డారు. అందరూ రెండ్రోజుల్లో లేచి తిరిగారు కానీ, ఆఫీసర్ల పిల్లలు అందులో ఇద్దరున్నారు. ఎవరో ఒకరు బాధ్యులు కావాలి.

కంప్యూటరు "గెస్టు" అంది. ఐదు పడిన షిఫ్టులో ఉన్నది దాలయ్య. దాలయ్యకు టైపు కొట్టడమే రాదు. ఆయన గోడ మీద రెండు అనే రాశానన్నాడు. గోడ చూద్దామంటే, మర్నాడు విశ్వకర్మ పూజ. ఏటా పూజ ముందు రోజున పంపుహౌసుకు సున్నం వేయడం అక్కడి ఆనవాయితీ. గోడ తెల్లగా మెరిసిపోతోంది, అంకె ఏదీ లేదు. విచారణలో సింహాచలమ్మను పిలిచి, ఎవరు ఎక్కించారో కంప్యూటరు చెప్పగలదా అని అడిగారు. "చెప్పలేదు సార్, గెస్టు అనే ఉంది" అంది. అది నిజమే. అలా పెట్టిందెవరు అని ఎవరూ అడగలేదు, ఆమె తనంతట తాను చెప్పలేదు. అయిదు నిమిషాల్లో బయటికి పంపేశారు. దాలయ్య గేటు పాసు తీసేసుకున్నారు. ఎందుకు తీశారో కాగితం ఒక్కటీ ఇవ్వలేదు. కాంట్రాక్టు మనిషికి కాగితం ఇవ్వక్కర్లేదట.

ఆయన ఆ సాయంత్రమే ట్రంకు పెట్టె సర్దుకుని రాయగడ వెళ్లిపోయాడు. తాతాజీ ఆటోలోనే స్టేషనుకు వెళ్లాడు. దిగేటప్పుడు, "పిల్లలికి ఇసం పెట్టినోడినని అంటన్నారు బావూ. ముప్పయ్యేళ్లు ఊరందరికీ నీల్లిచ్చేను" అన్నాడని తాతాజీ వచ్చి చెబితే, సింహాచలమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. జాలితో కాదు, సిగ్గుతో. తన వేలు నొక్కిన నెక్స్ట్ ఒకటి ఆ పెట్టెతో పాటు రైలెక్కి పోయిందని ఆమెకు తెలుసు.

ఏడాది తిరిగింది. పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. విశ్వకర్మ పూజ రోజున ఎవరూ యంత్రాలను ముట్టుకోరు. కంప్యూటర్లకు కూడా బొట్టుపెట్టి, దండవేసి వదిలేస్తారు. కాబట్టి ముందు రోజే సాయంత్రం లోపల పని ముగించమన్నారు. కాగితం చేతికి రాగానే సింహాచలమ్మ పంపుహౌసుకు వెళ్లింది. వారం రోజులు షిఫ్టు షిఫ్టుకూ వెళ్లి కూర్చుని, కాంట్రాక్టు వాళ్లందరి పేర్లూ నోటుబుక్కులో రాసుకుంది. పేరు కొట్టడం, అంకె కొట్టడం, బయటికి రావడం, ఈ మూడు నేర్పించింది. సుద్దముక్క పట్టిన చేతులే కదా, రెండ్రోజులకు దారికొచ్చాయి.

కుంతి మాత్రం అడ్డం తిరిగింది. కుంతి ముదులి, ఆ కొండల మనిషే, ఆరేళ్లుగా పంపుహౌసులో ఉంది. ఇంట్లో మాట దేశియా, ఆ కొండల ఒడియా. దాలయ్య పక్కన పనిచేసి తెలుగు పట్టుకుంది, అందుకే ఆమె తెలుగు కూడా దాలయ్య తెలుగే.

"నా పేరు వద్దక్కా" అంది. "పేరుంటే నన్నే పట్టుకుంతారు. గెస్టైతే ఎవులో తెల్దు కదా."

"తెలకపోతే వదిలేసేరేటి?" అంది సింహాచలమ్మ. "గెస్టని ఉన్నా పట్టుకున్నారు కదా. ఎవుల్ని పట్టుకోవాలో ఆల్లు ఏరుకుంతారు, అంతే తేడా. నువ్వు సెయ్యనిది నీ నెత్తిన పడకుండా ఉండాలంటే, నువ్వు సేసింది నీ పేరున ఉండాల."

 మరి తప్పు చేస్తే అని కుంతి అడిగింది.

"సేస్తే సేసేనను. తప్పు సేసినోల్లని నరికేస్తారేటి. ఆఫీసులో ఆ పర్మినెంటోల్లు రోజుకి నాలుగు సేస్తన్నారు, నేనే కదా సరిసేస్తన్నాను."

"అయితే ముదులి అని కూడా రాయి" అంది కుంతి. "వట్టి కుంతులు ఇక్కడ ముగ్గురున్నారు."

పదిహేడు పేర్లయ్యాయి. ఇంటికి వెళ్లి, పద్దెనిమిదోదిగా దాలయ్య పేరు తనే రాసింది. తాతాజీ భుజం మీదుగా చూసి, "ఆయన్ని పన్లోంచి తీసేసేరు కదా" అన్నాడు.

"పన్లోంచి తీసేసినట్టు కాగితం నేదు" అంది.

"నీ కాంట్రాక్టు డిసెంబర్లో అయిపోద్ది, సింహాచలం. మల్లీ ఆ మనోరంజన్ బాబే రాయాలి."

"రాయకపోతే మానేస్తాడు. నాకు సెయ్యి తిరిగిన పని ఉన్నాది. ఆయనకి కుర్సీయే ఉన్నాది."

తాతాజీ నోటుబుక్కు తీసుకుని ఆమె సంచిలో పెట్టాడు. అలా చేస్తే ఒప్పుకున్నట్టేనని పన్నెండేళ్ల కాపురంలో ఆమెకు తెలుసు.

పూజ ముందు రోజు పంపుహౌసులో ఒక పక్క సున్నం వేస్తున్నారు, ఒక పక్క మామిడాకులు కడుతున్నారు. కుంతి పసుపునీళ్లతో నేల కడుగుతోంది. మధ్యలో సింహాచలమ్మ కంప్యూటరు ముందు కూర్చుంది. ఈసారి ప్రతి ప్రశ్నా చదివింది. ఒక్కో ప్రశ్న దగ్గర విష్ణువర్ధన్ వెనక నిలబడి తొందరపెడుతున్నట్టే అనిపించింది, అయినా చదివింది. మధ్యాహ్నానికి ఆ పాత ప్రశ్నే, కొత్త రంగుల్లో వచ్చింది. డిఫాల్ట్ యూజర్, డిఫాల్ట్ గ్రూపు తయారుచేయమంటారా. టిక్కు ముందే పెట్టి ఉంది. ఆమె ఆ టిక్కు తీసేసింది. "జలసరఫరా" అని గ్రూపు పెట్టింది. దానికి ఏ తాళాలివ్వాలో, ఏవి ఇవ్వకూడదో ఎంచింది. ఆ గ్రూపు కింద ఒక్కొక్క పేరే కొట్టింది. కొత్త సాఫ్ట్‌వేర్లో ఇంకో గడి ఉంది, పాతదాంట్లో లేనిది: ఈ ఏర్పాటు నిర్ణయించినవారు ఎవరు అని. అక్కడ తన పూర్తి పేరు కొట్టింది.

ఇంకా ఫినిష్ నొక్కలేదు. మూడింటికి మనోరంజన్ బాబు వచ్చారు. కొత్త చొక్కా వేసుకుని, పూజ సామాన్ల జాబితా చేతపట్టుకుని. తెర చూడగానే మొహం మారింది. ఆయన మరీ చెడ్డ మనిషేమీ కాదు, గొడవలేని మనిషి. అయితే ఆయనకు గొడవ లేకుండా ఉండడం కోసం ఇంకెవరికో గొడవ తగులుతూ ఉండేది, అది ఆయన చూసేవారు కాదు. ఇద్దరి మధ్యా మాటలన్నీ ఒడియాలోనే జరిగాయి. తెలుగులో చెప్పుకుంటే ఇవీ.

"ఇదేమిటి, ఇంతమంది పేర్లు? డిఫాల్ట్ ఉంచమని చెప్పాను కదా."

"అయిదేళ్ల పైన ఉంచాం సార్. ఏమైందో మీకు తెలుసు."

"అది అయిపోయిన సంగతి. కాంట్రాక్టు వాళ్లు మారినప్పుడల్లా పేర్లు మార్చుకుంటూ ఎవడు కూర్చుంటాడు?"

"నేను కూర్చుంటాను. నా జీతం అందుకే."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గొంతు తగ్గించి, "చూడు, డిసెంబర్లో నీ ఫైలు నా దగ్గరికే వస్తుంది. మంచిదానివి, పనిమంతురాలివి. ఈ రాజకీయాలు నీకెందుకు? డిఫాల్ట్ పెట్టేయ్" అన్నారు.

సింహాచలమ్మ లేచి నిలబడింది. తన కుర్చీ ఆయన వైపు జరిపింది. "పెట్టండి సార్. ఆ గడిలో నా పేరు చెరిపి మీ పేరు కొట్టండి. కాంట్రాక్టు వాళ్లందరికీ కలిపి ఒకటే పేరు చాలు అని నిర్ణయించింది మనోరంజన్ మహాపాత్ర అని ఉంటుంది. టిక్కు నేనే పెట్టి ఇస్తాను, మీకు శ్రమ లేకుండా."

సున్నం వేస్తున్నవాళ్లు చేతులాపారు. కుంతి చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మనోరంజన్ బాబు కీబోర్డు దాకా చెయ్యి చాచారు. ఆ గడిని చదివారు. మళ్లీ చదివారు. చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో జాబితా సర్దుకున్నారు. నిజం చెప్పాలంటే సింహాచలమ్మకు ఆ క్షణందాకా భయంగానే ఉంది. కానీ ఆయన తన పేరు రాయరని తెలిశాక, ఏడేళ్లుగా ఈయనకు భయపడుతూ వచ్చినందుకు తన మీద తనకే ఒళ్లుమండింది.

"సరే, ఉన్నవాళ్ల పేర్లు ఉంచు" అన్నారాయన. అంతలో ఆయన వేలు తెర కింది వరుస దగ్గర ఆగింది. "ఈ దాలయ్య ఎందుకు? వాడు లేడుగా. తీసేయ్."

"తీసేయడం ఇందులో ఉండదు సార్. ఒకసారి యూజర్‌గా కొట్టిన పేరు, ఫినిష్ నొక్కకపోయినా, అలాగే ఉంటుంది. మూసేయడం ఒకటే ఉంది. పాసు లేనిదే ఆయన లోపలికి రాడు, కాబట్టి ఆ పేరున ఎవరూ ఏమీ ఎక్కించలేరు. ఆ భయం అక్కర్లేదు."

"అయితే మూసేయ్."

"మూసే అధికారం ఆఫీసరుకే ఉంది. మూయబోతే కారణం అడుగుతుంది. కారణం రాసిన ఆఫీసరు పేరు కింద పడుతుంది. ఆయన్ని ఎందుకు పంపేశారో నాకు తెలియదు. మీకు తెలుసు కదా, మీరు రాయండి."

ఆయన జేబులోంచి జాబితా మళ్లీ తీశారు. బయట ఎవరో, బాబూ, పూలవాడు వచ్చాడు అని కేకేశారు. "పండగ కానీ, చూద్దాం" అని లేచి వెళ్లిపోయారు. సింహాచలమ్మ కూర్చుని ఫినిష్ నొక్కింది. ఆ సాయంత్రం షిఫ్టులో మొదట ఎక్కించింది కుంతి. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పేరు కొట్టి, తెర మీద కుంతి ముదులి అని పడగానే కొంగుతో మొహం తుడుచుకుని, "బాగానే ఉన్నాదక్కా" అంది. ఆ మీదట కంప్యూటరుకు బొట్టు పెట్టారు.

తర్వాతి మూడు నెలల్లో తప్పులు నాలుగు పడ్డాయి. మూడు పర్మినెంట్ వాళ్లవి, ఒకటి కుంతిది. కుంతి తనే ఆఫీసుకు ఫోను చేసి, "నేనే కొట్టేను, ఎనిమిదికి బదులు తొమ్మిది పడ్డాది, సరిసెయ్యండి" అని చెప్పింది. సరిచేశారు. ఎవరి పాసూ పోలేదు. ఇంత చిన్న సంగతికి ఒక మనిషి ముప్పయ్యేళ్ల మర్యాద పోగొట్టుకుని రైలెక్కాల్సి వచ్చిందా అని సింహాచలమ్మకు మళ్లీ మంట పుట్టింది.

డిసెంబరు ఆఖరున ఆమె కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. కారణం చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. ఏడేళ్లూ మెడలో వేలాడిన పాసు సెక్యూరిటీ బల్ల మీద పెట్టి, "జాగ్రత్తగా దాసండి, పోతే మల్లీ నన్నే అడుగుతారు" అని బయటికొచ్చింది. తాతాజీ ఆటో గేటు ఎదురుగానే ఆపి ఉంచాడు. వారం తిరక్కుండా జయపురంలో పాత షాపులో చేరిపోయింది. విష్ణువర్ధన్ ముసలివాడయ్యాడు, ఇప్పుడూ గడియారమే చూస్తున్నాడు. "ప్రతిదీ సదువుతున్నావేటమ్మా" అంటాడు. "సదువుతాను" అంటుంది. "తొందరుంటే ఇంకో షాపుకి పంపండి."

జనవరిలో ఒక ఆదివారం రాయగడ వెళ్లింది. దాలయ్య ఇంటి ముందు అరుగు మీద కూర్చుని పాత కుళాయి ఒకటి విప్పుతున్నాడు. వీధిలో వాళ్లవి బాగుచేసి పెడతాడు. మనిషి చిక్కిపోయాడు. ఆమె ఆయన పక్కనే అరుగు మీద కూర్చుని, నీళ్లు కూడా తాగకుండా అంతా చెప్పేసింది.

"ఆ గెస్టు అని పెట్టింది నేనే సిన్నాన్న. మనోరంజన్ బాబు ఉంచమన్నాడు, నిజమే. నొక్కింది నా సెయ్యి. ఆరోజు పేర్లు పెట్టుంటే నువ్వు ఇక్కడుండవు. ఇచారన్లో కూడా నేనది సెప్పనేదు, భయమేసింది. నీకు సెప్పకుండా ఏడాదిన్నర మొకం దాసుకున్నాను."

దాలయ్య కుళాయి పక్కన పెట్టాడు. కోపం తెచ్చుకుంటాడని ఆమె అనుకుంది, తెచ్చుకుంటే పడాలనే వచ్చింది. ఆయన చేతికంటిన గ్రీజు లుంగీకి తుడుచుకున్నాడు.

"అయితే ఇప్పుడు నా పేరు ఆ మిషన్లో ఉన్నాదా?" అని అడిగాడు.

"ఉన్నాది. మూసేసేరేమోనని మొన్న కుంతిని అడిగేను. ఫొటో తీసి పంపింది."

"సదివి సెప్పు."

ఆమె ఫోను తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది. "పేరు దాలయ్య. గ్రూపు జలసరఫరా. ఖాతా తెరిచి ఉంది. మూయడానికి కారణం..." అక్కడ ఆగింది.

"కారనం ఏటని రాసేరు?"

"ఏటీ రాయనేదు. నెల నెలా ఆ మిషను మనోరంజన్ బాబుని అడుగుతాది, ఈ మనిసి రావట్లేదు, మూసేస్తావా, ఎందుకు అని. నాలుగు సార్లు అడిగిందట, కుంతి సూసింది. నాలుగు సార్లూ ఆయన తెర మూసేసి ఎల్లిపోయేడంట. రాస్తే కింద ఆయన పేరు పడతాది కదా."

 దాలయ్య నెమ్మదిగా వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

"అంటే నేనేటీ సెయ్యనేదని ఆల్లకీ తెలుసు" అన్నాడు. తర్వాత లోపలికి తిరిగి భార్యను కేకేసి బయటికి పిలిచాడు. ఆవిడ వచ్చి తలుపు దగ్గర నిలబడగానే, "అమ్మీ, మొదట్నించి మల్లీ సదువు" అన్నాడు.